విలీనానికి ముందు రెండు ఎయిర్‌లైన్స్‌ను తూకం వేయడం ఎలా: ఏది ఒంటరిగా ఎన్నాళ్లు ఎగరగలదు?

రెండు విమాన సంస్థలు కలుస్తున్నాయని వార్త రాగానే అందరూ అడిగేది ఏది పెద్దది, ఏది లాభాల్లో ఉంది అని. ఈ రెండింటికీ జవాబు ఐదు నిమిషాల్లో దొరుకుతుంది, దొరికినా పెద్దగా పనికిరాదు. ఈ వ్యాపారంలో లాభం ఒక త్రైమాసికంలో వచ్చి ఇంకో త్రైమాసికంలో పోతుంది. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ విలీనం జరగక, ఎవరి దారిన వాళ్లు ఉండిపోతే, ఏ సంస్థ ఎన్నాళ్లు నెట్టుకురాగలదు? బేరంలో ఎవరి మాట చెల్లుతుంది, షేరుదారుకు ఎంత దక్కుతుంది, కలిశాక ఎవరి బరువు ఎవరు మోస్తారు అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

లెక్క వేసి చూపడానికి అలాస్కా ఎయిర్‌లైన్స్ హవాయియన్ ఎయిర్‌లైన్స్‌ను కొన్న ఒప్పందాన్ని తీసుకుంటున్నాను. 2023 డిసెంబర్ 3న ప్రకటించారు, 2024 సెప్టెంబర్ 18న పూర్తయింది. షేరుకు 18 డాలర్ల నగదు. హవాయియన్ నికర అప్పు 90 కోట్ల డాలర్లు కూడా కలుపుకుంటే మొత్తం 190 కోట్ల డాలర్లు. ఒప్పందం నాటికి రెండూ అమెరికా స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు కాబట్టి కాగితాలన్నీ ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదవొచ్చు. సియాటెల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు అలాస్కా సొంతూరి ఎయిర్‌లైన్ లాంటిది కూడా. మన దేశంలో జరిగిన విలీనాల్లో కాగితాలు అంత సులువుగా దొరకవు గానీ, నేర్చుకోవాల్సింది మాత్రం దండిగా ఉంది. వాటినీ మధ్యమధ్యలో చూద్దాం.

1. ముందు కాగితాలు పోగేయండి

అమెరికా కంపెనీలైతే అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ సైటులో ఒక్కోదానివీ మూడేళ్ల వార్షిక నివేదికలు, అంటే 10-కె పత్రాలు, డౌన్‌లోడ్ చేసుకోండి. 2019ది కూడా తీసుకోండి. కోవిడ్‌కు ముందు, మామూలు రోజుల్లో ఆ సంస్థ ఎలా ఉండేదో చెప్పేది అదే.

తర్వాత ప్రాక్సీ పత్రం. విలీనానికి ఓటు వేయమని, అమ్ముడవుతున్న కంపెనీ తన షేరుదారులకు పంపే లావుపాటి పత్రం ఇది. చాలామంది దీన్ని తెరవను కూడా తెరవరు. అసలు సరుకంతా ఇందులోనే ఉంటుంది. ఎవరు ఎవరిని ముందు కదిపారు, మొదట ఎంత ధర చెప్పారు, ఎక్కడ పెంచారు అన్న కథంతా తేదీలతో సహా రాస్తారు. అంతకన్నా ముఖ్యమైనది, యాజమాన్యం తన బోర్డుకు మాత్రమే చూపించే రాబోయే సంవత్సరాల అంచనాలు అక్కడ అచ్చవుతాయి. మామూలు రోజుల్లో ఏ కంపెనీ వాటిని బయటపెట్టదు.

రూట్లవారీగా చూడాలంటే అమెరికా రవాణా శాఖ గణాంక విభాగం ఉంది. దేశంలో అమ్ముడైన టికెట్లలో కొంత భాగాన్ని నమూనాగా తీసుకుని ప్రచురిస్తుంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి సగటున ఎంత ఛార్జీ పలికిందో అందులో చూడొచ్చు.

మన దగ్గర ఇండిగో లాంటి లిస్టెడ్ కంపెనీవి బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో ఉంటాయి. ఎయిరిండియా, విస్తారా రెండూ లిస్ట్ కానివే. అలాంటివాటికి కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఫీజు కట్టి పత్రాలు తెప్పించుకోవాలి. ఒక దొడ్డిదారి కూడా ఉంది: భాగస్వామి పుస్తకాలు. 2024 నవంబర్‌లో ఎయిరిండియాలో కలిసేదాకా విస్తారాలో 49 శాతం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌ది. అది లిస్టెడ్ కంపెనీ కాబట్టి, తన వాటాకు వచ్చిన లాభనష్టాలు తన నివేదికలో చూపక తప్పలేదు. ఇక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా ఇచ్చే ప్రయాణికుల సంఖ్య, సీట్లు నిండిన శాతం, మార్కెట్ వాటా అందరికీ అందుబాటులో ఉంటాయి.

2. రెండింటినీ ఒకే పన్నెండు నెలలకు తెచ్చి, అడ్డగోలు అంకెలు తీసేయండి

మన కంపెనీల సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. అమెరికావాళ్లది జనవరి నుంచి డిసెంబర్. అదీగాక మనకు పండగలు, పెళ్లిళ్లు ఉన్న అక్టోబర్–డిసెంబర్ బాగుంటే, వాళ్లకు వేసవి బాగుంటుంది. ఒకరి మంచి త్రైమాసికాన్ని ఇంకొకరి చెడ్డ త్రైమాసికంతో పోలిస్తే మొదటికే మోసం. నాలుగు త్రైమాసికాలు కలిపి, ఇద్దరికీ ఒకే కాలం వచ్చేలా చూసుకోండి. విస్తారా 2022 అక్టోబర్–డిసెంబర్‌లో తొలిసారి లాభం చూశామని ప్రకటించింది. ఆ ఆర్థిక సంవత్సరం మొత్తానికి చూస్తే నష్టం దాదాపు రూ.1,390 కోట్లు.

తర్వాత, మళ్లీ రాని డబ్బును తీసేయండి. హవాయియన్ 2021లో 14.5 కోట్ల డాలర్ల నికర లాభం చూపింది. విమానాలు సగం ఖాళీగా తిరిగిన రోజుల్లో లాభమేమిటని అనుమానం రావాలి. ఉద్యోగుల జీతాల కోసం అమెరికా ప్రభుత్వం ఇచ్చిన కోవిడ్ సాయం ఆ లెక్కలో కలిసింది, అంతే. అది తీసేస్తే మిగిలేది నష్టమే. అలాగే 2024 జనవరి 5న అలాస్కా 737 మాక్స్ 9 విమానానికి గాల్లో ఉండగా తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. ఆ రకం విమానాలన్నీ కొన్ని వారాలు ఆగిపోయాయి. బోయింగ్ దాదాపు 16 కోట్ల డాలర్లు పరిహారం ఇచ్చింది. ఆ త్రైమాసికంలో నష్టమూ మామూలుది కాదు, వచ్చిన పరిహారమూ మామూలు రాబడి కాదు.

మన సంస్థల్లో ఇంకో చిక్కు డాలరు. లీజు బాకీలు డాలర్లలో ఉంటాయి. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న లెక్కల నియమం ప్రకారం వాటిని బ్యాలెన్స్ షీటులో అప్పుగా చూపాలి. రూపాయి జారితే, ఒక్క పైసా కట్టకుండానే నష్టం కనబడుతుంది. ఇండిగో 2022–23లో రూ.306 కోట్ల నష్టం చూపింది. మారకపు నష్టాన్ని పక్కన పెడితే అది లాభాల సంవత్సరమే. దీన్ని పూర్తిగా కొట్టిపారేయకండి, ఆ డాలర్లు ఏదో ఒకరోజు కట్టాల్సినవే. విడిగా ఒక గడిలో రాసి పెట్టుకోండి, చాలు.

ఈ మెలికలు మనసులో పెట్టుకుని నివేదికల్లోని అంకెలు చూస్తే మన జంట ఇలా కనిపిస్తుంది. అలాస్కా ఆదాయం 2019లో 878 కోట్ల డాలర్లు, 2023లో 1,043 కోట్లు. లాభం మాత్రం 76.9 కోట్ల నుంచి 23.5 కోట్లకు పడింది. హవాయియన్ ఆదాయం 283 కోట్ల నుంచి 272 కోట్లకు తగ్గింది. 2019లో 22.4 కోట్ల లాభం ఉన్న చోట 2022లో 24 కోట్లు, 2023లో 26 కోట్లు నష్టం. అంటే ఒకటి ఒళ్లు పెంచుకుని బలం కొంత పోగొట్టుకుంది. రెండోది కోవిడ్ నుంచి ఇంకా లేవనే లేదు.

3. సీటు–కిలోమీటరు లెక్క, దూరం సరిచేసి

ఒక సీటును ఒక కిలోమీటరు మోయడానికి ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది? నివేదికల్లో కాస్క్, రాస్క్ అని ఉండేవి ఇవే. అమెరికాలో మైళ్లలో లెక్కిస్తారు కాబట్టి కాజమ్, రాజమ్ అంటారు. కాస్క్ తక్కువ ఉన్నదే చవగ్గా నడుస్తున్న సంస్థ అనుకుంటే బోల్తా పడతారు. టేకాఫ్‌కు తాగే ఇంధనం, విమానాశ్రయ ఛార్జీలు, నేల మీద ఆగి ఉండే సమయం 300 కిలోమీటర్ల ప్రయాణానికైనా 3,000 కిలోమీటర్ల ప్రయాణానికైనా తప్పవు. దూరం పెరిగే కొద్దీ సీటు–కిలోమీటరు ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

దీన్ని సరిచేయడానికి ఈ రంగంలో వాడే మోటు సూత్రం ఒకటి ఉంది. సంస్థ సగటు ప్రయాణ దూరాన్ని, మీరు పోల్చదలచిన దూరంతో భాగించి, వర్గమూలం తీసి, దాంతో ఖర్చును గుణించండి. ఊహకు ‘ఏ’ సగటు దూరం 900 కిలోమీటర్లు, ఖర్చు రూ.5.00 అనుకోండి. ‘బీ’ది 1,600 కిలోమీటర్లు, రూ.4.20. పైకి బీ చవక. ఏను 1,600 కిలోమీటర్లకు తెస్తే: 900ను 1,600తో భాగిస్తే 0.5625, దాని వర్గమూలం 0.75, దాంతో 5.00ను గుణిస్తే రూ.3.75. నిజానికి ఏనే చవగ్గా నడుస్తోంది. ఆదాయం వైపు కూడా ఇదే సూత్రం వాడాలి.

హవాయియన్ దగ్గర ఈ సూత్రం కూడా చేతులెత్తేస్తుంది. హొనొలులు నుంచి మావి దీవిలోని కహులుయి 100 మైళ్లు. ఎక్కి బెల్టు పెట్టుకుని జ్యూసు తాగేలోపు దిగేయాలి. అదే హొనొలులు నుంచి సియాటెల్ దాదాపు 2,700 మైళ్లు. చిన్న బోయింగ్ 717లతో దీవుల మధ్య తిరిగే వ్యాపారం ఒకటి, ఏ330లతో సముద్రం దాటే వ్యాపారం ఇంకొకటి. రెండిటి సగటు తీస్తే వచ్చే దూరానికి ఆ సంస్థ అసలు ఎగరనే ఎగరదు. ఇలాంటి చోట సగటును పక్కనపడేసి, నివేదికలో ప్రాంతాలవారీగా ఇచ్చిన ఆదాయాన్ని విడివిడిగా చూడండి. చూస్తే గుట్టు తెలుస్తుంది: 2019లో సౌత్‌వెస్ట్ అనే పోటీ ఎయిర్‌లైన్ దీవుల మధ్యకు దిగి ఛార్జీలు కోసేసింది, అటు జపాన్ యాత్రికులు, యెన్ బలహీనపడటంతో, కోవిడ్ తర్వాత మునుపటిలా రాలేదు. రెండు వ్యాపారాలూ ఒకేసారి దెబ్బతిన్నాయి.

ఇక్కడే ఇంకో లెక్క వేసేయండి: ఎన్ని సీట్లు నిండితే నష్టం ఉండదు? సీటు–కిలోమీటరు ఖర్చును, ఒక ప్రయాణికుడు కిలోమీటరుకు ఇచ్చే సగటు ఛార్జీతో భాగిస్తే సరి. ఖర్చు 4.20, ఛార్జీ 5.00 అయితే 84 శాతం. ఖర్చులో 40 శాతం ఇంధనం అనుకుని, దాని ధర 10 శాతం పెంచి చూడండి. ఖర్చు 4.37 అవుతుంది, నిండాల్సిన సీట్లు 87 శాతం దాటుతాయి. ఇద్దరికీ ఈ లెక్క వేస్తే ఎవరికి ఊపిరి సలుపుతుందో, ఎవరికి సలపదో తెలిసిపోతుంది.

4. నగదు ఎన్ని నెలలు, గడువు ఎప్పుడు

ఒక్క లెక్క వేసే ఓపికే ఉంటే, ఇది వేయండి.

చేతిలో నగదు, వెంటనే అమ్ముకోగల పెట్టుబడులు కలిపి రాయండి. ఏడాదికి ఎంత కరుగుతోందో రాయండి. హవాయియన్ దగ్గర 2023 చివర దాదాపు 91 కోట్ల డాలర్లు ఉన్నాయి. నష్టం 26 కోట్లు. భాగిస్తే మూడున్నరేళ్లు వస్తుంది. హాయిగానే ఉందే అనిపిస్తుంది. ఇప్పుడు వార్షిక నివేదిక వెనక్కి వెళ్లి, అప్పులు ఏ ఏడాది ఎంత కట్టాలో చెప్పే పట్టిక వెతకండి. అప్పు, ఫైనాన్స్ లీజులు కలిపి దాదాపు 170 కోట్ల డాలర్లు. అందులో 120 కోట్లు ఒకే బాండ్ల కట్ట, వడ్డీ 5.75 శాతం, గడువు 2026 జనవరి. మూడున్నరేళ్లు కాస్తా రెండేళ్లు అయిపోయింది.

ఆ 91 కోట్లు కూడా పూర్తిగా తనవి కావు. ప్రయాణికులు ముందే కొన్న టికెట్ల డబ్బు అందులో కలిసి ఉంటుంది. బ్యాలెన్స్ షీటు అప్పుల వైపు ‘ఎయిర్ ట్రాఫిక్ లయబిలిటీ’ అని ఒక పద్దు చూడండి, అదే ఇది. రోజులు బాగున్నప్పుడు వడ్డీ లేని అప్పులా ఆదుకుంటుంది. సంస్థ మునుగుతోందని పుకారు పుడితే జనం కొనడం మానేస్తారు, క్రెడిట్ కార్డు లావాదేవీలు చూసే బ్యాంకులు డబ్బు బిగబడతాయి, సరిగ్గా అవసరమైన రోజునే ఆ కుళాయి ఆగిపోతుంది. అందుకే నగదులోంచి ఈ పద్దులో కొంత తీసేసి కూడా ఒకసారి నెలలు లెక్కపెట్టండి.

ఇంకా ఒక మాట అడగాలి: ఆ అప్పుకు ఏం తాకట్టు పెట్టారు? హవాయియన్ ఆ 120 కోట్ల బాండ్లకు తన మైళ్ల పథకాన్ని, బ్రాండును తాకట్టు పెట్టింది. ఇంట్లో ఉన్న బంగారమంతా ఒకే చోట కుదువబెట్టిన మనిషి రెండో అప్పుకు ఏం చూపిస్తాడు? 2024 జూలైలో, విలీనం ఇంకా పూర్తికాకముందే, ఆ బాండ్లలో చాలా భాగాన్ని 2029 గడువు ఉన్న కొత్త బాండ్లతో మార్చుకుంది. వడ్డీ 11 శాతం. పాతదానికి దాదాపు రెట్టింపు. ఈ సంస్థ మీద మార్కెట్ ఏమనుకుంటోందో తెలుసుకోవడానికి ఏ విశ్లేషకుడి నివేదికా అక్కర్లేదు, ఈ 11 చాలు.

అలాస్కాకు ఇదే లెక్క వేయండి. నగదు, పెట్టుబడులు దాదాపు 180 కోట్ల డాలర్లు. లాభాలు తగ్గినా లాభాలే. గడువు తరుముకొస్తున్న పెద్ద అప్పు ఏదీ లేదు. ఒకరికి రెండేళ్ల గడువుంది, ఇంకొకరికి తొందరేమీ లేదు. బేరం ఎవరి చేతిలో ఉందో ఇక చెప్పక్కర్లేదు.

5. విమానాల జాబితా చదవండి: ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని ఎగురుతున్నాయని

ఆర్డర్ల సంఖ్య చూసి భవిష్యత్తు బాగుందనుకోకండి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఎయిర్ కోస్టా 2014లో 50 ఎంబ్రేయర్ ఇ2 జెట్లకు ఆర్డర్ ఇచ్చింది. 2017 ఫిబ్రవరి ఆఖరుకు ఆ సంస్థ విమానాలే ఎగరడం మానేశాయి. ఆర్డర్ అంటే రాబోయే ఖర్చు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో నాలుగో అంచెలో మీరు వేసిన లెక్క చెబుతుంది.

రకం చూడండి, ఇంజిన్ చూడండి. ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్లలో లోపాల వల్ల ప్రపంచమంతటా విమానాలు నేలకు దిగాయి. మన గో ఫస్ట్ 2023 మే 2న దివాలా పిటిషన్ వేస్తూ, సగం విమానాలు ఆగిపోవడానికి ఆ ఇంజిన్లే కారణమంది. హవాయియన్ దగ్గరున్న 18 ఏ321నియోలకూ అవే ఇంజిన్లు. దీవుల మధ్య సౌత్‌వెస్ట్ పోటీ, పైన ఇంజిన్ల గొడవ, అది చాలదన్నట్టు 2023 ఆగస్టులో మావి దీవిలో లహైనా పట్టణం తగలబడి యాత్రికులు రావడం మానేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వీటిని వేరుచేసి చూడటం మీ పని: మంటల దెబ్బ కొంతకాలమే, ఇంజిన్ల దెబ్బ కొన్నేళ్లు, సౌత్‌వెస్ట్ మాత్రం ఎక్కడికీ పోదు.

రెండు సంస్థల విమానాలు ఎంతవరకు కలుస్తాయో కూడా రాసుకోండి. అలాస్కా 2016లో వర్జిన్ అమెరికాను కొన్నప్పుడు దానితోపాటు ఎయిర్‌బస్ విమానాలు వచ్చాయి. రెండు రకాల పైలట్లు, రెండు రకాల విడిభాగాలు భారమై, వాటన్నిటినీ వదిలించుకోవడానికి 2023 సెప్టెంబర్ దాకా పట్టింది. ఆఖరి ఎయిర్‌బస్ దిగిన రెండు నెలలకే హవాయియన్‌తో మళ్లీ ఎయిర్‌బస్‌లు తెచ్చుకుంటున్నామని ప్రకటించింది! ఏ330లు, వస్తున్న 787లు ఉంటేనే సియాటెల్ నుంచి ఆసియాకు ఎగరగలదు కాబట్టి ఈసారి కారణం వేరు. అయినా నేనైతే ‘ఖర్చు ఆదా’ అన్న గడిలో విమానాల నిర్వహణకు సున్నా వేస్తాను.

6. ఎక్కడెక్కడ ఒకరి మీద ఒకరు ఎగురుతున్నారు

ఇది చిన్న పని. రెండు రూట్ మ్యాపులు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ నాన్‌స్టాప్ నడిపే ఊళ్ల జంటలు లెక్కపెట్టండి. ఎక్కువ ఉంటే ఖర్చు ఆదా ఎక్కువ, నియంత్రణ సంస్థ అడ్డుపడే ప్రమాదమూ ఎక్కువ. అలాస్కా, హవాయియన్‌ల మధ్య అలాంటివి పన్నెండే. అందుకే అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కకుండా వదిలేసింది. స్పిరిట్ అనే చవక టికెట్ల ఎయిర్‌లైన్‌ను జెట్‌బ్లూ అనే ఇంకో సంస్థ కొనబోయిన సంగతి అలా కాదు. చవక టికెట్ల సంస్థను మింగేస్తే ప్రయాణికులకు నష్టమని 2024 జనవరి 16న న్యాయమూర్తి విలియం యంగ్ ఆ విలీనాన్ని ఆపేశారు.

7. కలిశాక మిగిలేదెంత: చెప్పిన ఆదాలోంచి చెప్పని ఖర్చు తీసేయండి

ఒప్పందం రోజున ప్రతి సంస్థా ఒక ఆదా అంకె చెబుతుంది. అలాస్కా చెప్పింది ఏటా 23.5 కోట్ల డాలర్లు. యాదృచ్ఛికమే గానీ, అది 2023లో అలాస్కా సంపాదించిన లాభమంత. అంత పెద్ద అంకె కనిపించినప్పుడు రెండుగా విడదీయండి: ఖర్చు తగ్గడం వల్ల వచ్చేది, ఆదాయం పెరగడం వల్ల వచ్చేది. ఒకే ఆఫీసు, ఒకే సాఫ్ట్‌వేర్ వల్ల మిగిలేదాన్ని సగం పైగా నమ్మొచ్చు. కొత్త ప్రయాణికులు వస్తారన్న దాన్ని మూడో వంతు నమ్మితే ఎక్కువ. రెండూ నా కొలతలే, మీవి మీరు పెట్టుకోండి.

జీతాలు మాత్రం ఎవరూ చెప్పరు. రెండు యూనియన్లు ఒకటైతే, తక్కువ జీతం ఉన్నవాళ్లు ఎక్కువవాళ్ల స్థాయికి రావాలంటారు. ఎక్కువవాళ్లు కిందికి దిగరు. కలిపే ఒప్పందం ఎప్పుడూ పైవైపే సర్దుకుంటుంది. సీనియారిటీ జాబితా కలపడం ఇంకో పెద్ద పేచీ. మన దగ్గర దీనికి రెండు పాఠాలున్నాయి. 2024 మొదట్లో, ఎయిరిండియాతో విలీనానికి ముందు, విస్తారా పైలట్లకు కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. నెలకు 70 గంటలకు ఉన్న ఖాయమైన జీతం 40 గంటలకు దిగింది. పైలట్లు సెలవులు పెట్టారు, విమానాలు రద్దయ్యాయి, రోజుకు 25 నుంచి 30 సర్వీసులు తగ్గించుకోవాల్సి వచ్చింది.

రెండోది 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలయిక. అంతకుముందు ఏడాది రెండింటి నష్టం కలిపినా వెయ్యి కోట్ల లోపే. 2007–08లో రూ.2,226 కోట్లు, 2008–09లో రూ.5,548 కోట్లు. ఇదంతా విలీనం పాపమే అనడం అన్యాయం. 2008లో చమురు బ్యారెల్ 147 డాలర్లు తాకింది, 111 విమానాల ఆర్డర్ల అప్పు నెత్తిన ఉంది. కానీ ఇద్దరు నష్టజాతకులు కలిస్తే లాభం ఎలా పుడుతుందో కాగితం మీద ఎవరూ సరిగ్గా వేసి చూపలేదు. జీతాలు సమానం చేయాలని 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. 787ల శిక్షణ తమకే దక్కాలని 2012లో పాత ఎయిరిండియా పైలట్లు 58 రోజులు చేశారు. కలిసి ఐదేళ్లయినా రెండు సంస్థలుగానే కొట్టుకున్నారు.

అసలు కారణం అంకెల్లో లేని విలీనాలూ ఉంటాయి. 2007లో కింగ్‌ఫిషర్ షేరుకు రూ.155 చొప్పున రూ.550 కోట్లు పెట్టి ఎయిర్ డెక్కన్‌లో 26 శాతం కొన్నప్పుడు ఇద్దరూ నష్టాల్లోనే ఉన్నారు. ఒకటి విలాసం అమ్మేది, రెండోది చవక అమ్మేది. విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలన్న నిబంధన అప్పట్లో ఉండేది, డెక్కన్‌కు ఆ అనుభవం ముందు పూర్తవుతుంది. 2008లో కింగ్‌ఫిషర్ లండన్‌కు ఎగిరింది, 2012 అక్టోబర్‌లో పూర్తిగా ఆగింది. కాబట్టి కొనేవాడు లైసెన్సు కోసం కొంటున్నాడా, విమానాశ్రయాల్లో ఎగిరే, దిగే వేళల (స్లాట్ల) కోసమా, విమానాల కోసమా అని ఒక వాక్యం రాసుకోండి. ఆ వాక్యం రాయడం రాకపోతే, ఆదా అంకె ఎంత పెద్దదైనా పక్కన పెట్టేయొచ్చు.

8. ధర న్యాయమైనదా, జరుగుతుందా

ధరకు అప్పు కలిపి, ఆదాయంతో భాగించండి. 190ని 272తో భాగిస్తే 0.7. ఏడాది ఆదాయంలో పదింట ఏడు వంతులు పెట్టి, నష్టాల్లో ఉన్న సంస్థను కొన్నారన్నమాట. ముందురోజు షేరు 4.86 డాలర్లు, ఇచ్చింది 18. నాలుగో అంచె లెక్క చూసినవాళ్లకు ఇది దాతృత్వంలా కనిపిస్తుంది. అలాస్కా కొన్నది మాత్రం ఆ నష్టాలను కాదు, హొనొలులులో స్థానాన్ని, పెద్ద విమానాలను. ధర ఎంత త్వరగా మారుతుందో తెలియాలంటే ఎయిర్ సహారాను గుర్తుచేసుకోండి: 2006 జనవరిలో జెట్ ఎయిర్‌వేస్ దానికి ఒప్పుకున్నది దాదాపు రూ.2,300 కోట్లు, ఒప్పందం చెదిరి, 2007 ఏప్రిల్‌లో మళ్లీ కుదిరినప్పుడు రూ.1,450 కోట్లు. ఆగినన్నాళ్లూ నగదు కరుగుతూనే ఉంది, కొనేవాడికి ఆ సంగతి తెలుసు.

ఆఖరుగా, మార్కెట్ ఏమంటోందో లాగండి. ప్రకటన మర్నాడు హవాయియన్ షేరు 14 డాలర్ల చిల్లర దగ్గర ఆగింది. విలీనం జరిగితే 18, జరగకపోతే పాత 5 దగ్గరకు. 14లోంచి 5 తీస్తే 9. 18లోంచి 5 తీస్తే 13. తొమ్మిదిని పదమూడుతో భాగిస్తే దాదాపు 70 శాతం. అంటే విలీనం జరిగే అవకాశం 70 శాతమే అని మార్కెట్ లెక్క, మిగతా 30 శాతం అనుమానమే. ఈ లెక్కలో ఒక మెలిక: జరగకపోతే పాత ధర దగ్గర ఆగుతుందన్న హామీ లేదు. విలీనాన్ని ఆపే తీర్పు వచ్చిన రోజునే స్పిరిట్ షేరు 47 శాతం పడింది. అదే ఏడాది, 2024 నవంబర్ 18న సంస్థ దివాలా రక్షణ కోరింది, 2025 ఆగస్టులో రెండోసారి కోరింది. ఒంటరిగా ఎన్నాళ్లు అన్న మీ లెక్క రెండేళ్ల లోపు ఉంటే, కింది ధర గడిలో పాత ధర కాకుండా దానిలో సగం వేసి మళ్లీ భాగించండి.

లెక్కంతా ఒక పేజీలో పెట్టుకుని, ఒప్పందం పూర్తయ్యేదాకా ప్రతి త్రైమాసికం నివేదిక వచ్చిన రోజున మూడు గడులే నింపండి: చేతిలో నగదు, ఏడాదిలోపు కట్టాల్సిన అప్పు, ముందే అమ్మిన టికెట్ల పద్దు. మూడోదాన్ని ముందు త్రైమాసికంతో కాదు, నిరుడు ఇదే త్రైమాసికంతో పోల్చండి. అది వరుసగా రెండుసార్లు తగ్గిందంటే, యాజమాన్యం వ్యాఖ్యలు చదవకముందే మీ నెలల లెక్క తిరగరాయండి.